మంచినీటి చేపకు ఉప్పెందుకు?



అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. అది వంటింటి మాట. కాని ఈ ఉప్పు ఎప్పుడో వంటింటి గడప దాటి చేపలతొట్టి దాకా వచ్చింది. ఈ రోజుల్లో పల్లెల్లో కూడా చాలా ఇళ్ళలో అద్దాలతొట్టి కనబడుతున్నది. పిల్లలు ముచ్చటపడి బంగారుచేపనో, గప్పీనో, మోలీనో తెచ్చుకుంటారు. చేపలమ్మే అతను కవరు చేతికిస్తూ, "వారానికో గుప్పెడు ఉప్పు వేస్తుండండి, జబ్బులు రావు" అంటాడు. ఇంటికి వస్తే పొరుగాయన, "అదేమిటయ్యా, మంచినీటి చేపకు ఉప్పేస్తే చచ్చిపోదూ?" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? చెరువులు తవ్వి బొచ్చె, శీలావతి పెంచేవారికీ ఇదే సందేహం. చేప కాస్త నలతగా కనిపిస్తే చాలు, చెరువులో ఉప్పు బస్తాలు కుమ్మరించమని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు.

ఈ అలవాటు ఎక్కడ పుట్టింది, ఎందుకు నిలిచింది అని వెనక్కి తిరిగి చూస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది. కాబట్టి ముందు కథ చెప్పుకుందాము, తరువాత లెక్క చూద్దాము.

చేపలను అందం కోసం పెంచడంలో చీనా వారు అందరికన్నా ముందున్నారు. వెయ్యేళ్ళ కిందట, సోంగ్ వంశపు రాజుల కాలానికే అక్కడ తోటల కొలనుల్లో బంగారుచేపలు ఉండేవి. అద్దాలతొట్టి మాత్రం నిన్నమొన్నటిది. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు బంగారుచేపలను, నీటిలో పెరిగే ఒక గడ్డిమొక్కను వేశాడు. కొన్నాళ్ళకు మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ కుళ్ళును తినే నత్తలను తెచ్చి వేశాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప దానిని పీల్చుకుంటుంది, నత్త చెత్త ఊడుస్తుంది. నీరు మార్చకుండానే తొట్టి నిలిచింది. ఈ సంగతిని ఆయన అక్కడి రసాయన శాస్త్ర సంఘానికి తెలియజేశాడు. ఆ తొట్టిలో ఉప్పు ఊసే లేదని గమనించండి.

ఆ తరువాత 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో చేపల కోసం ప్రత్యేకంగా ఒక మందిరం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తొట్ల మీద గ్రంథం రాశాడు. దానితో సముద్రపు జీవులను ఇంట్లో పెంచే మోజు ఇంగ్లండు అంతా పాకింది. మన దేశానికి వస్తే, 1909లో మదరాసు మెరీనా తీరాన చేపల ప్రదర్శనశాల వెలిసింది. అప్పట్లో మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మదరాసు రాజధానిలోనివే గదా. బొంబాయిలో తారాపోర్‌వాలా చేపల ప్రదర్శనశాల 1951లో వచ్చింది.

మరి ఉప్పు మంచినీటి తొట్టిలోకి ఎలా దిగింది? నాలుగు దారుల్లో దిగింది. దూరాభారం నుంచి అలసివచ్చిన చేపకు సేద తీర్చడానికి ఒకటి. తెల్లచుక్కల జబ్బుకు మందుగా ఒకటి. చవిటినీటిలో బతికే మోలీ వంటి చేపల కోసం ఒకటి. కుళ్ళిన పాత నీటికి తెలియకుండానే విరుగుడుగా ఒకటి. ఈ నాలుగింటిలోనూ కొంత నిజం ఉన్నది. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, జబ్బు మనిషికి రాసిన చీటీని ఇంటిల్లిపాదీ రోజూ మింగినట్లయింది.

ఆ నిజమేమిటో తెలియాలంటే చేప శరీరం సంగతి కొంచెం తెలియాలి. కష్టమేమీ లేదు, ఇవి మన వంటింట్లో రోజూ చూసేవే. ఆవకాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు కలిపి ఉంచుతాం. తెల్లవారేసరికి ఊట దిగుతుంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగిందన్నమాట. ఎండు శనగలను మంచినీటిలో నానబోస్తే నీరు లోపలికి పోయి ఉబ్బుతాయి. పలుచని నీరు ఎప్పుడూ చిక్కని వైపుకు నడుస్తుంది. సూత్రం ఇంతే.

ఇప్పుడు చేపను చూడండి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైను సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మంచినీటి చేప రక్తంలో ఉప్పు కూడా ఇంచుమించు అంతే. చుట్టూ ఉన్న మంచినీటిలోనో, లీటరుకు అర గ్రాము కూడా ఉండదు. కాబట్టి మంచినీటి చేప శనగ గింజ లాంటిది. రాత్రింబవళ్ళు దాని మొప్పల గుండా నీరు లోపలికి దూరుతూనే ఉంటుంది, ఉప్పు బయటికి జారిపోతూనే ఉంటుంది. సముద్రపు చేప సంగతి దీనికి తలకిందులు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు గనుక, అది ఉప్పు రాసిన మామిడి ముక్కలాగా నీరు కోల్పోతుంది.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి అంటారు మన పెద్దలు. 1930లో హోమర్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ సామెత చేపకూ వర్తిస్తుందని రుజువు చేశాడు. నీటిలో రంగు కలిపి, ఆ రంగు సముద్రపు చేప పేగుల్లో చేరడం చూపించాడు. అంటే సముద్రపు చేప నీళ్ళు తాగుతుంది. మరి తాగిన నీటిలోని ఉప్పు ఏమవుతుంది? 1931లో ఆన్సెల్ కీస్ అనే ఆయన పాముచేప మొప్పల మీద ప్రయోగాలు చేసి, ఆ ఉప్పును మొప్పలే బయటికి తోసేస్తాయని చూపాడు. ఆ మీదట డెన్మార్కు దేశపు ఆగస్ట్ క్రోగ్ మంచినీటి చేప పని పట్టి చూశాడు. ఉప్పు దాదాపు లేనట్టుండే నీటిలో నుంచి కూడా బంగారుచేప తన మొప్పలతో ఉప్పును ఏరుకుంటుందని ఆయన తేల్చాడు. 1939లో వచ్చిన ఆయన గ్రంథం ఈ శాస్త్రానికి పునాదిరాయి.

మన గోదావరి పులసనే చూడండి. సముద్రంలో ఉన్నంతకాలం నీళ్ళు తాగి, మొప్పలతో ఉప్పును తోసేస్తూ బతుకుతుంది. వరద వచ్చేసరికి ఎదురీదుతూ గోదావరిలోకి ఎక్కి, అదే మొప్పలతో ఉప్పును ఏరుకోవడం మొదలుపెడుతుంది. పండుగప్ప కూడా రెండు నీళ్ళలోనూ బతకగలదు. అన్ని చేపలకూ ఆ నేర్పు లేదు. బొచ్చె, శీలావతి, బంగారుచేప మంచినీటికి పుట్టినవి. వాటికి కావలసిన ఉప్పును నీటి నుంచి, మేత నుంచి అవే సంపాదించుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చేపకు మనం వేరే ఉప్పు పెట్టనక్కరలేదు. చేపపిల్లకు ఈత నేర్పినట్లే అవుతుంది.

అలాగైతే ఉప్పు ఎందుకూ పనికిరాదా అంటారేమో. పనికివస్తుంది. ఎప్పుడంటే, చేప తన పని తాను చేసుకోలేనప్పుడు.

మొదటిది ప్రయాణం. ఒకప్పుడు చేపపిల్లలు కావాలంటే వరదల్లో నదీతీరాన వలవేసి పట్టడమే గతి. బెంగాలు వైపు ఆ పిల్లలను మట్టికుండల్లో పోసి, గాలి కలిసేటట్టు చేత్తో కుండలను ఊపుతూ రైళ్ళలో మోసుకుపోయేవారు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్ని అనే శాస్త్రజ్ఞులు సూదిమందుతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే మనం జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాము. అప్పటి నుంచి పిల్లలు హేచరీల్లో పుట్టసాగాయి. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఊళ్ళకు చేరసాగాయి. కుండలో పోయినా, సంచిలో పోయినా చేపకు బెదురు తప్పదు. బెదిరిన చేప మొప్పల గుండా నీరు మరింత జోరుగా దూరుతుంది, రక్తంలోని ఉప్పు జారిపోతుంది. ఆ సమయంలో నీటిలో లీటరుకు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు ఉంటే లోపలికీ బయటికీ తేడా తగ్గి చేపకు శ్రమ తగ్గుతుంది. జ్వరం పడ్డవాడికి సెలైను ఎక్కించినట్టు. ఇల్లు చేరి నాలుగు రోజులు కుదుటపడ్డాక దాని అవసరం తీరిపోతుంది.

రెండవది తెల్లచుక్కల జబ్బు. చేప ఒంటి మీద రవ్వ చల్లినట్టు చుక్కలు కనబడతాయి. దీనికి మూలమైన పురుగును 1876లో ఫ్రాన్సులో ఫూకే అనే ఆయన వర్ణించాడు. అది కంటికి ఆననంత చిన్న జీవి. చర్మపు పొర కింద దాక్కుని పెరుగుతుంది. పెరిగాక రాలి అడుగున గూడు కట్టుకుని, ఒకటి వందలుగా విడిపోతుంది. ఆ పిల్ల పురుగులు మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. ఉప్పు దెబ్బ తగిలేది ఈదుతున్న ఈ పిల్లలకే. చర్మం కింద ఉన్నవాటినీ, గూట్లో ఉన్నవాటినీ అది ఏమీ చేయలేదు. అందుకనే ఒకరోజు ఉప్పు వేసి, చుక్కలు పోలేదని మానేస్తే ప్రయోజనం లేదు. లీటరుకు 2, 3 గ్రాముల చొప్పున, ఒకటి రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచి, పది పన్నెండు రోజులు నిలపాలి. చుక్కలు రాలిపోయాక కూడా కొన్నాళ్ళు ఆగి, తరువాత నీరు మార్చాలి.

మూడవది మోలీ. మోలీ అమెరికా ఖండపు తీరాల్లో ఏరు సముద్రంలో కలిసే చోట్ల కూడా తిరిగే చేప. దానికి ఉప్పు హాయి. గప్పీ ఓర్చుకుంటుంది. పొలుసులు లేని జెల్లల జాతి చేపలకు, మెత్తని నీటిలో పుట్టిన చిన్న రంగుచేపలకు, చాలా రకాల నీటిమొక్కలకు అదే ఉప్పు కష్టం. ఒకే తొట్టిలో మోలీనీ, జెల్లనూ, నాచుమొక్కలనూ కలిపి పెంచుతూ మోలీ కోసం ఉప్పు వేయడమంటే, ఒక అతిథి రుచి కోసం పంక్తి అందరి విస్తళ్ళలోనూ ఉప్పు గుమ్మరించడమే.

ఇక నాలుగవది, అన్నిటికన్నా విచిత్రమైనది. పూర్వం తొట్లు పెంచేవారికి పాత నీరే మంచి నీరని గట్టి నమ్మకం. తరిగినంత పోయడమే గాని మార్చేవారు కారు. చేప విసర్జించే అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండంచెల పనిని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు విడమరచి చెప్పాడు. మధ్యలో వచ్చే ఆ నైట్రైటు చేపకు విషం. అది రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. నీటి నిండా గాలి ఉన్నా చేప పైకి తేలి గుటకలు వేస్తుంది. అలాంటి తొట్టిలో ఎవరో ఉప్పు వేశారు, చేప తేరుకున్నది. ఎందుకు తేరుకున్నదో వేసినవారికి తెలియదు. 1977లో అమెరికాలో సాల్మన్ చేపల మీద జరిగిన పరిశోధనల్లో గుట్టు బయటపడింది. ఉప్పులోని క్లోరైడూ, ఈ నైట్రైటూ మొప్పలో ఒకే గుమ్మం గుండా లోపలికి వస్తాయి. క్లోరైడు ఎక్కువగా ఉంటే గుమ్మం దగ్గర నైట్రైటుకు చోటు దొరకదు. అదీ సంగతి. ఉప్పు నీటిని శుభ్రం చేయలేదు. విషాన్ని గుమ్మం బయట ఆపిందంతే. ఆ విషం నీటిలోనే ఉన్నది. దాన్ని తీసేది నీటి మార్పిడి, మేత తగ్గించడం మాత్రమే. వారానికోసారి పావువంతు నీరు మార్చే ఇంట్లో, కిక్కిరిసి లేని తొట్టిలో, ఈ నాలుగో కారణానికి పని లేదు.

ఇప్పుడు లెక్కకు వద్దాము. ఉప్పు గురించి మరువకూడని మాట ఒకటున్నది. నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు కాదు. మన నౌపాడలోనూ, చినగంజాములోనూ ఉప్పుమళ్ళు పండేది ఈ ధర్మం మీదే గదా. 100 లీటర్ల తొట్టిలో నెలకు 100 గ్రాముల ఉప్పు వేస్తూ, నీరు మార్చకుండా తరిగినంతే పోస్తూ పోయారనుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ తొట్టిలో 1,200 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే లీటరుకు 12 గ్రాములు. సముద్రపు ఉప్పులో మూడో వంతు. మంచినీటి చేప రక్తంలో కన్నా ఎక్కువ. శనగగింజ కాస్తా మామిడి ముక్క అయిందన్నమాట. "రోజూ చేసే పనే చేశాను, చేప ఎందుకు చచ్చిందో" అని వాపోతే లాభమేమిటి? ఆ నీటిని తీసుకుపోయి పెరట్లో కరివేపాకు మొదట్లో పోస్తే చెట్టు కూడా ఎండుతుంది.

చెరువు రైతులకు లెక్క ఇంకా పెద్దది. ఒక ఎకరం చెరువులో ఐదడుగుల లోతు నీరుంటే సుమారు 6,000 ఘనమీటర్ల నీరు. దానిలో లీటరుకు ఒక్క గ్రాము ఉప్పు కావాలంటే 6 టన్నులు వేయాలి. 50 కిలోల బస్తాలు 120. నైట్రైటు ఇబ్బందికి అంత అక్కరలేదు. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరైడు చాలునన్నా ఎకరానికి సుమారు ఒక టన్ను, అంటే 20 బస్తాలు. కాబట్టి రెండు బస్తాలు గట్టున నిలబడి చల్లి, చెరువంతటికీ మందు వేశామనుకోవడం ఉత్త తృప్తి. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో పుండ్ల జబ్బు కనిపించి క్రమంగా దక్షిణాదికీ పాకినప్పుడు, రైతులు భయంతో చేతికందినదల్లా చెరువులో పోశారు. ఆ జబ్బు వెనుక ఉన్నది ఒక రకం బూజు అని తరువాత తేలింది. ఉప్పుతో పని ఉన్నచోట చెరువును వదిలి చేపను పట్టుకోవాలి. 20 లీటర్ల నీటిలో 400 నుంచి 600 గ్రాముల ఉప్పు కరిగించి, చేపపిల్లలను ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, మంచినీటిలో వదలాలి. చేప ఒరిగిపోతే నిమిషం కాకముందే తీసేయాలి. అర కిలో ఉప్పుతో అయ్యే పనికి ఆరు టన్నులు ఎందుకు?

ఉప్పునీరు ఎక్కడికి పోతుందన్న సంగతి కూడా ఆలోచించాలి. 1990ల్లో మన తీరజిల్లాల్లో రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. పొలాలు, మంచినీటి బావులు చవిటి తిరిగాయని దేశంలోని తీరప్రాంతాల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కి 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టమూ, సంస్థా ఏర్పడ్డాయి. ఉప్పు పోయడం గడియలో పని. భూమిలో నుంచి దాన్ని కడగడం ఏళ్ళ పని. మీ చెరువు నీరు పక్కవాడి వరిచేలోకి పోతుందని మరువకండి.

ఇంతకీ తొట్టిలో ఉప్పు వేయాలా, వద్దా? చేప ఆరోగ్యంగా ఉంటే వద్దు. కొత్తగా వచ్చిందా, తెల్లచుక్కలు పడ్డాయా, నైట్రైటు చేరిందా? అప్పుడు వేయండి. వేసేముందు మీ నీటిని నాలుక మీద వేసుకుని చూడండి. కోస్తా ఊళ్ళలో బోరునీరే చవిటిగా ఉంటుంది; దానికి మళ్ళీ ఉప్పెందుకు? గుప్పెడు, చిటికెడు అనకుండా తూచి వేయండి. విడిగా చెంబులో కరిగించి, చేప మీద పడకుండా, విడతలుగా పోయండి. జబ్బుపడ్డ చేపను వేరే తొట్టిలోకి మార్చి వేస్తే మరీ మంచిది. మొక్కలూ, జెల్లలూ బతికిపోతాయి. గల్లుప్పు శ్రేష్ఠం. అయొడిన్ ఉప్పు చేపకు విషమని కొందరు భయపెడతారు. కిలో ఉప్పులో పదిహేను, ఇరవై మిల్లీగ్రాముల అయొడిన్ వల్ల ఈ మోతాదులో హాని లేదు. పని తీరాక మూడు నాలుగు విడతల్లో నీరు మార్చి ఉప్పును బయటికి పంపండి. తరిగిన నీటికి మంచినీరే పోయండి, ఉప్పు కలపకండి.

చేపలమ్మే అతని మాటలోనూ నిజముంది, పొరుగాయన మాటలోనూ నిజముంది. అతను మందు పేరు చెప్పాడు, మోతాదూ గడువూ చెప్పలేదు. పొరుగాయన హాని చెప్పాడు, అవసరం చెప్పలేదు. ఆ రెండూ కలిపి చూసుకున్న ఇంట్లో చేప బతుకుతుంది, పెరట్లో మొక్కా బతుకుతుంది.